అశ్లీలమా, బూతా, సరసమా?

సందేహం: ఇటలీ దర్శకుడు పసోలినీ 1971లో తీసిన 'డెకామెరాన్' గురించి రాస్తూ 'అశ్లీల కథల హాస్యచిత్రం' అన్నాను. 'శృంగార కథలు' అనాలని ఒకరు, 'బూతు సినిమా అంటే సరిపోతుందిగా' అని ఇంకొకరు. ఏది సరి?

సమాధానం: మూడూ మంచి మాటలే గానీ మూడూ ఈ సినిమాకి అతకవు.

అశ్లీలం అసలు 'అశ్రీలం', శ్రీ లేనిది అని. ఆలంకారికులు దీన్ని కావ్యదోషాల్లో వేసి సిగ్గు పుట్టించేది, రోత పుట్టించేది, అమంగళం తోపించేది అని మూడు రకాలు చేశారు. తమాషా ఏమిటంటే, సినిమా మొదట్లోనే వచ్చే అంద్రేయూచ్చో కథలో ఆ మూడూ ఉన్నాయి. గుర్రాలు కొందామని పెరూజియా నుంచి నేపుల్స్ వచ్చిన ఈ అమాయకుడు, నీ తోబుట్టువునంటూ పిలిచిన ఆవిడ ఇంట్లో పాయిఖానా పలక జారి పెంటలో పడి, ఆ కంపుతోనే దొంగల చేతికి చిక్కి, చివరికి ఆర్చిబిషప్ సమాధిలో దూరి శవం వేలికున్న కెంపుటుంగరం కొట్టేస్తాడు! కానీ పూర్వులు చెప్పింది పద్యంలో మాట చెడుగా ధ్వనించడం గురించి. ఇప్పుడేమో అశ్లీలం అనగానే కోర్టూ సెన్సారూ గుర్తొస్తాయి, నవ్వు గుర్తురాదు.

'బూతు' మనకి ముందు నోటితో తిట్టేది. 'బూతు సినిమా' అంటే మొహానికి తుండు చుట్టుకుని మార్నింగ్ షోకి వెళ్ళే సరుకు. 'శృంగారం' అందామంటే పోస్టర్ల వాళ్ళు దాన్ని బూతుకి ముసుగేసి పాడుచేశారు.

అదే సినిమాలో పెరొనెల్లా అనే ఆవిడ కథ చూడండి. ప్రియుడు ఇంట్లో ఉండగా మొగుడు ఊడిపడతాడు, బానకి బేరం తెచ్చానంటూ. ప్రియుణ్ణి అప్పటికే అందులో దాచేసిన ఆవిడ, నేను అంతకంటే ఎక్కువకే అమ్మాను, కొనేవాడు లోపల దిగి చూసుకుంటున్నాడు అంటుంది. చివరికి బానలో దిగి గోకేది మొగుడే! దీన్ని 'రంకు కథ' అంటే ఆవిడకి శిక్ష వేసినట్టే, 'జాణ కథ' అంటే మెచ్చుకున్నట్టు. జాణ అంటే తెలిసినది, నేర్పరి అనే. మన పాత కథాకావ్యాలు హంసవింశతి, శుకసప్తతి చదివినవాళ్ళకి ఈ జాణలు కొత్తేం కాదు. పేర్లలో లెక్క కూడా ఒకటే తీరు: ఇరవై, డెబ్బై, ఇక్కడ 'డెకామెరాన్' అంటే పది రోజులు (గ్రీకు 'డెకా', మన 'దశ' దాయాదులే).

నేనైతే 'మోటు సరసపు కథలు' అంటాను. మోటు ఎందుకంటే, సినిమాకి మూలమైన ఇటలీ రచయిత బొకాచ్చో పుస్తకంలో ప్లేగుకి భయపడి ఫ్లారెన్స్ వదిలిన పెద్దింటివాళ్ళు తీరిగ్గా కూర్చుని చెప్పుకున్న కథల్ని, పసోలినీ ఆ చట్రం పీకేసి నేపుల్స్ వీధుల్లోకి, అక్కడి యాసలోకి దించాడు. 

అయితే 'సరస కథలు' అని మాత్రం రాయకండి, అప్పుడు రసవంతమైన కథలని అర్థం మారిపోతుంది. ఆ 'పు' ఉండాల్సిందే. బడిలో పుంప్వాదేశ సంధికి 'సరసపు మాట' అని ఉదాహరణ వల్లెవేశాం కదా, అదే 'పు'.