ఉన్న సెషన్‌ని కదపకు, పక్కన ఇంకొకటి పెట్టుకో

నాన్నా,

నీ ఉత్తరం చదివాను. పాత ల్యాప్‌టాప్‌లో తేలికపాటి లినక్స్ వేసుకున్నావు, చకచకా నడుస్తోంది, సంతోషం. ఇప్పుడు ప్యానెల్ నచ్చలేదు, షార్ట్‌కట్లు నచ్చలేదు, లాగిన్ అవగానే నీకు కావలసినవే లేవాలి, థీమ్ ఏది బాగుంటుంది అని వరసగా అడిగావు. థీమ్ సంగతి చిట్టచివర చూద్దాం. ముందు ఒక పని చెయ్యి. ఇప్పుడు సరిగ్గా నడుస్తున్న సెషన్‌ని, అంటే లాగిన్ అయ్యాక నీకు తెరుచుకునే డెస్క్‌టాప్ ఏర్పాటుని ముట్టుకోకుండా, దాని పక్కన నీదంటూ ఇంకో సెషన్ పెట్టుకో. ప్రయోగాలన్నీ అందులోనే. ఏదైనా చెడితే లాగౌట్ అయి పాతదాంట్లోకి వెళ్ళి నీ పని చూసుకుంటావు, రిపేరు తీరిగ్గా చేసుకుంటావు. ఒకే సెషన్‌ని కెలికి, అది లేవక, ఫోన్లో వెతుక్కుంటూ కూర్చునేవాళ్ళని చాలామందిని చూశాను.

ఫైళ్ళ పేర్లూ ఆదేశాలూ పలికినట్టే రాస్తున్నాను. కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకో.

సెషన్ అంటే ఏమిటో తెలిస్తే సగం భయం పోతుంది. లాగిన్ తెర చూపించేది డిస్‌ప్లే మేనేజర్. నీ మెషీన్లో అది లైట్‌డీఎం కావచ్చు, ఎస్‌డీడీఎం కావచ్చు. అది యూఎస్ఆర్, షేర్, ఎక్స్‌సెషన్స్ అనే ఫోల్డర్లోకి తొంగిచూసి, అక్కడున్న డాట్ డెస్క్‌టాప్ ఫైళ్ళని బట్టి నీకు జాబితా చూపిస్తుంది. నువ్వొకటి ఎంచుకోగానే ఆ ఫైల్లో 'ఎగ్జెక్' అనే లైన్లో ఏ ఆదేశం ఉందో దాన్ని నడుపుతుంది. అక్కణ్ణుంచి సెషన్ మేనేజర్ అందుకుని, విండోలకి పైపట్టీ పెట్టి జరపనిచ్చే విండో మేనేజర్ని, ప్యానెల్‌ని, వాల్‌పేపర్ గీసే ప్రోగ్రామ్‌ని ఒక్కొక్కటే లేపుతుంది. గ్నోమ్ లాంటి పెద్ద డెస్క్‌టాప్‌లో ఇవన్నీ ఒకే ముద్ద. తేలికవాటిలో దేనికది విడిగా ఉంటుంది, కాబట్టి ఊడదీసి వేరొకటి తగిలించుకోవచ్చు. నీకు దొరికిన స్వేచ్ఛంతా ఇదే.

ఇంకో మాట. తేలికపాటి డెస్క్‌టాప్‌లలో పేర్లు కలిసిపోయేవి రెండున్నాయి. 2006లో హాంగ్ జెన్ యీ మొదలుపెట్టిన ఎల్ఎక్స్‌డీఈ వేరు, 2013లో రేజర్ క్యూటీ అనే ఇంకో డెస్క్‌టాప్‌తో కలిసిపోయి పుట్టిన ఎల్ఎక్స్‌క్యూటీ వేరు. లుబుంటు అనే తేలికపాటి లినక్స్ 18.10 నుంచి రెండోదానికి మారిపోయింది. చరిత్ర పాఠం చెప్పడానికి కాదు ఇది. వెతికితే దొరికే సలహాల్లో చాలా భాగం మొదటిదానికి రాసినవి. నీ మెషీన్లో రెండోది ఉంటే వాళ్ళు చెప్పిన ఫైలు అసలు ఉండదు. ఉన్నట్టు నువ్వే సృష్టించినా దాన్ని ఎవరూ చదవరు. ఏది చేసినా మార్పు కనబడడం లేదంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఇక నీ సెషన్. ఎక్స్‌సెషన్స్ ఫోల్డర్లో ఓపెన్‌బాక్స్ అనే విండో మేనేజర్‌కి ఒక డాట్ డెస్క్‌టాప్ ఫైలు ఉంటుంది. అడ్మిన్ అధికారంతో ఆదేశాలు నడిపే సుడోతో దాన్నే వేరే పేరుతో కాపీ చేసి, 'నేమ్' లైన్లో నీకు నచ్చిన పేరు, 'ఎగ్జెక్' లైన్లో నీ స్క్రిప్ట్ (ఆదేశాలు వరసగా రాసుకునే ఫైలు, కింద చెప్తాను) దారి రాయి. 'ట్రైఎగ్జెక్' అనే లైను కూడా ఉంటే అక్కడా ఆ దారే పెట్టు. దారి రూట్ నుంచి పూర్తిగా ఉండాలి, హోమ్ ఫోల్డర్‌కి బదులు రాసే టిల్డే గుర్తుని నమ్ముకోకు. స్క్రిప్ట్‌కి సీహెచ్‌మాడ్‌తో నడిచే అనుమతి ఇవ్వు. లాగౌట్ అయి చూడు, లాగిన్ తెర మీద సెషన్లు ఎంచుకునే చోట నీ పేరు కనబడుతుంది.

స్క్రిప్ట్ నాలుగైదు లైన్లకి మించదు. పైన, ఆదేశాలు చదివి నడిపే షెల్ ఏదో చెప్పే లైను. తర్వాత ప్యానెల్ పేరు, చివర & గుర్తు. తర్వాత వాల్‌పేపర్ పెట్టే ఆదేశం, చివర &. ఆఖరి లైన్లో మాత్రం ఎగ్జెక్, దాని వెంట ఓపెన్‌బాక్స్. దానికి & ఉండకూడదు. అందరూ బోల్తా పడేది ఇక్కడే, అందుకని విడమరిచి చెప్తున్నాను. & ఉంటే షెల్ ఆ ప్రోగ్రామ్‌ని వెనక్కి పంపించి కింది లైన్‌కి వెళ్తుంది, లేకపోతే అది ముగిసేదాకా అక్కడే ఆగుతుంది. ప్యానెల్ లైన్లో మర్చిపోయావనుకో, ప్యానెల్ వస్తుంది గానీ ఓపెన్‌బాక్స్ దాకా వంతు రాదు. తెరిచిన విండోలకి పైపట్టీ ఉండదు, జరపడానికి కుదరదు. ఆఖరి లైన్లో పొరపాటున పెట్టావనుకో, స్క్రిప్ట్ క్షణంలో అయిపోతుంది, స్క్రిప్ట్ అయిపోవడమంటే సెషన్ అయిపోవడమే. పాస్‌వర్డ్ కొట్టగానే తెర ఒక్కసారి నల్లబడి మళ్ళీ లాగిన్ దగ్గరికే వస్తుంది. పాస్‌వర్డ్ తప్పేమో అనుకుని పదేపదే కొడుతూ కూర్చోకు.

కొత్త పేరు పెట్టినంత మాత్రాన సెట్టింగులు విడిపోవు, ఇది గుర్తుంచుకో. రెండు సెషన్లూ నీ హోమ్‌లోని ఒకే డాట్ కాన్ఫిగ్ ఫోల్డర్ని చూస్తాయి. రెండూ ఒకే ఫైలుని చదివేవైతే, ఇక్కడ షార్ట్‌కట్ మారిస్తే అక్కడా మారి కూర్చుంటుంది. విడదీయాలంటే ఓపెన్‌బాక్స్‌ని కాన్ఫిగ్ ఫైల్ ఆప్షన్‌తో పిలిచి నీ సొంత ఫైలు చూపించు. ఎల్ఎక్స్‌డీఈలో అయితే దాని సెషన్ మేనేజర్ ఎల్ఎక్స్‌సెషన్‌కి ఎస్ ఆప్షన్ ఉంది. దాని తర్వాత ఇచ్చిన పేరుతోనే ఫోల్డర్ వెతుకుతుంది. ఎల్ఎక్స్‌ప్యానెల్‌కీ పీసీమ్యాన్‌ఎఫ్ఎంకీ ప్రొఫైల్ ఆప్షన్ ఉంది. మూడింటికీ ఒకే పేరు ఇవ్వు, తర్వాత తికమక ఉండదు. అన్నట్టు, పీసీమ్యాన్‌ఎఫ్ఎం ఫైల్ మేనేజర్ కదా అని స్టార్టప్ నుంచి తీసేస్తే వాల్‌పేపరూ డెస్క్‌టాప్ ఐకాన్లూ కూడా మాయమవుతాయి. వాటిని గీసేది అదే.

లాగిన్ అవగానే ఏవేవి లేవాలో రాసే ఎల్ఎక్స్‌డీఈ ఆటోస్టార్ట్ ఫైలు షెల్ స్క్రిప్ట్ కాదు. అందులో & అక్కర్లేదు. లైను మొదట @ ఉంటే, ఆ ప్రోగ్రామ్ క్రాష్ అయినప్పుడు మళ్ళీ లేపమని అర్థం. ఓపెన్‌బాక్స్ ఆటోస్టార్ట్ మాత్రం అచ్చంగా షెల్ స్క్రిప్టే. రెండు ఫైళ్ళ పేరూ ఒకటే కావడంతో ఒకదాని పద్ధతి ఇంకోదాంట్లో రాసేస్తుంటారు.

నీ స్క్రిప్ట్‌తో మొదటిసారి లాగిన్ అయినప్పుడు ఏదో వెలితిగా ఉంటుంది. నెట్‌వర్క్ ఐకాన్ లేదు, నోటిఫికేషన్లు రావు, స్క్రీన్ లాక్ పడదు. పాత సెషన్‌లో ఇవన్నీ ఈటీసీ కింద ఎక్స్‌డీజీ ఫోల్డర్లోని ఆటోస్టార్ట్ నుంచి వాటంతట అవే లేచేవి. ఓపెన్‌బాక్స్‌ని నేరుగా పిలిస్తే ఆ ఫోల్డర్ జోలికి పోదు. ఓపెన్‌బాక్స్ సెషన్ అనే ఆదేశంతో పిలిస్తే చదువుతుంది, దానికి పైథాన్ ఎక్స్‌డీజీ ప్యాకేజీ ఉండాలి. నన్నడిగితే కావలసినవి ఒక్కొక్కటే నువ్వే స్క్రిప్ట్‌లో రాసుకోవడం మేలు. ఏది ఎందుకు నడుస్తోందో అప్పుడే తెలుస్తుంది. అన్నిటికంటే ముందు పాలసీకిట్ ఏజెంట్‌ని రాయి, ఎల్ఎక్స్‌పోల్‌కిట్ చాలు. అది లేకపోతే అడ్మిన్ అనుమతి కావలసిన చోట పాస్‌వర్డ్ అడిగే పెట్టె రాదు. డిస్క్ మౌంట్ చేయబోతే ఏమీ జరగదు, చాలాసార్లు ఎర్రర్ కూడా కనబడదు. తప్పు డిస్క్‌దనుకుని నువ్వు తిప్పలు పడతావు.

పాత సెషన్‌లో లేచేవాటిలో ఏదైనా వద్దనుకుంటే ఈటీసీలోంచి చెరిపెయ్యకు. సిస్టమ్ ఫైళ్ళ మీద చెయ్యి వేసినట్టవుతుంది, పైగా ఆ మార్పు అందరు యూజర్లకీ వర్తిస్తుంది. అదే పేరుతో నీ హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్, ఆటోస్టార్ట్‌లో కాపీ పెట్టి 'హిడెన్' ఈక్వల్స్ 'ట్రూ' అని ఒక లైను చేర్చు. నీ మాటే చెల్లుతుంది.

షార్ట్‌కట్లు ఓపెన్‌బాక్స్ ఆర్‌సీ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటాయి, ఎల్ఎక్స్‌డీఈలో ఆ ఫైలు పేరుకి ముందు ఎల్ఎక్స్‌డీఈ అని ఉంటుంది. ఏ అనేది ఆల్ట్, సీ కంట్రోల్, డబ్ల్యూ సూపర్ కీ. మొట్టమొదట టెర్మినల్‌కి ఒక కీ కేటాయించు. ప్యానెల్ లేవకపోయినా, మెనూ పాడైనా, టెర్మినల్ ఉంటే ఏదైనా సరిచేసుకోవచ్చు. ఒక ట్యాగ్ మూయడం మర్చిపోతే ఫైలు మొత్తం చెల్లదు కాబట్టి, సేవ్ చేశాక, అలాంటి తప్పులు పట్టే ఎక్స్ఎంఎల్‌లింట్‌తో ఒకసారి సరిచూసుకో. తర్వాత ఓపెన్‌బాక్స్‌కి రీకాన్ఫిగర్ ఆప్షన్ ఇస్తే లాగౌట్ కాకుండానే మార్పు తెలుస్తుంది. బ్రౌజర్ ఎప్పుడూ రెండో వర్క్‌స్పేస్‌లోనే తెరుచుకోవాలన్నావు కదా, అదీ ఈ ఫైల్లోనే అప్లికేషన్స్ భాగంలో రాయాలి. ఆ విండో అసలు పేరు తెలియాలంటే టెర్మినల్‌లో ఓబీఎక్స్‌ప్రాప్ కొట్టి విండో మీద క్లిక్ చెయ్యి.

తెలుగు లాంటి భాషల్లో టైప్ చేయనిచ్చే ఇన్‌పుట్ మెథడ్ కోసం పెట్టుకునే వేరియబుల్స్ బాష్ఆర్‌సీలో రాయకు. బాష్ఆర్‌సీని చదివేది టెర్మినల్‌లో నడిచే బాష్ షెల్. అందుకే టెర్మినల్ నుంచి తెరిచిన ఎడిటర్లో టైపింగ్ పనిచేస్తుంది, మెనూ నుంచి తెరిస్తే చెయ్యదు. డెబియన్, ఉబుంటు తరహా సిస్టమ్ అయితే హోమ్‌లో డాట్ ఎక్స్‌సెషన్ఆర్‌సీ దానికి సరైన చోటు.

వేలాండ్ గురించి కూడా అడిగావు. తెర మీద విండోలు చూపించే పాత వ్యవస్థ ఎక్స్, దాని స్థానంలో వస్తున్న కొత్తది వేలాండ్. ఎక్స్‌డీజీ సెషన్ టైప్ వేరియబుల్‌ని ఎకో చేస్తే నువ్వు దేంట్లో ఉన్నావో చెప్తుంది. వేలాండ్ అయితే పైన చెప్పినవాటిలో కొన్ని చెల్లవు. సెషన్ ఫైళ్ళు వేలాండ్ సెషన్స్ ఫోల్డర్లో ఉంటాయి, తెర సైజు మార్చే ఎక్స్ఆర్ఆండ్ఆర్, కీబోర్డ్ అమరిక మార్చే సెట్ఎక్స్‌కేబీమ్యాప్ లాంటివి అక్కరకు రావు. కానీ వేలాండ్‌లో విండో మేనేజర్ పని చేసే ల్యాబ్‌డబ్ల్యూసీ అని ఒకటుంది, ఓపెన్‌బాక్స్ నేర్చుకున్నవాళ్ళకి పుట్టిల్లు లాంటిది. ఆర్‌సీ, మెనూ, ఆటోస్టార్ట్, ఎన్విరాన్‌మెంట్ అని అవే ఫైళ్ళు, దాదాపు అదే రాత. రాస్‌ప్‌బెర్రీ పై ఓఎస్ కూడా 2024లో దానికే మారింది. తొందరేమీ లేదు, ఎక్స్‌లో చెయ్యి తిరిగాక చూడు.

థీమ్ అన్నావు. ఎల్ఎక్స్‌అప్పియరెన్స్ తెరిచి నీకు నచ్చింది పెట్టుకో, దాంట్లో నేను చెప్పేదేం లేదు. విండోలకి నీడలూ పారదర్శకతా ఇచ్చే కాంపోజిటర్ మాత్రం వీడియోలో చీలికలు కనబడితేనే వెయ్యి, నీడల కోసం వద్దు. ప్యానెల్ మార్చి మెమరీ ఆదా చేద్దామనే ఆలోచన ఉంటే మానుకో. నీ మెషీన్లో మెమరీ మింగేది బ్రౌజర్.

రెండు సెషన్లూ లేవని పరిస్థితి వస్తే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కు. అక్షరాల తెర వస్తుంది, అక్కడ లాగిన్ అవ్వు. ఫైళ్ళేవీ చెరపకు, ఆఖరున మార్చినదాని పేరు మార్చి పక్కన పెట్టు, అంతే. అయినా లాగిన్ తెరకే తిరిగొస్తుంటే డీఎఫ్ కొట్టి డిస్క్ నిండిందేమో చూడు. తర్వాత హోమ్‌లో, ఎక్స్‌ని వాడే అనుమతి ఉండే డాట్ ఎక్స్ఆథారిటీ ఫైలు రూట్ పేరు మీద ఉందేమో చూడు. సుడోతో గ్రాఫికల్ ప్రోగ్రాములు నడిపేవాళ్ళకి ఇది మామూలే. అప్పటికీ తేలకపోతే డాట్ ఎక్స్‌సెషన్ ఎర్రర్స్ ఫైల్లో చివరి ఇరవై లైన్లు, నీ స్క్రిప్ట్ మొత్తం నాకు పంపు. ఫోటో తీసి కాదు, అక్షరాలుగా.

ఆశీస్సులతో,
పెద్దమ్మ