ఫార్మాట్ చేసిన కంప్యూటర్లను అప్పుడే ఇచ్చేయకండి

దాతల వివరాలున్న పాత కంప్యూటర్లను ఫార్మాట్ చేశాం, ఇక బడికి ఇచ్చేయొచ్చా అని అడిగారు. ఆగండి. మామూలుగా చేసే క్విక్ ఫార్మాట్‌తో (పైపైన చేసే ఫార్మాట్) పోయేది ఫైళ్ల జాబితా మాత్రమే. అసలు సమాచారం డిస్కులోనే ఉంటుంది, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కూడా బయటికి తీయొచ్చు.

హార్డ్ డిస్కయితే మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి సున్నాలు రాయించండి, చాలు. మెమరీ చిప్పుల్లో సమాచారం దాచే డిస్కు ఎస్ఎస్‌డీకి ఇది సరిపోదు. సమాచారం ఉండే కొన్ని బ్లాకులను అది సిస్టమ్‌కు కనబడకుండా దాచుకుంటుంది కాబట్టి, తయారీదారు టూల్‌తో సెక్యూర్ ఎరేజ్ (డిస్కు తనంతట తానే మొత్తం చెరిపేసుకునే ఆదేశం) చేయాలి. పనిచేయని ఎస్ఎస్‌డీలో ప్రతి మెమరీ చిప్పునూ పగలగొట్టించాలి, పైపెట్టెకు రంధ్రం వేస్తే లాభం లేదు. ఆఫీసు ఫొటోకాపీ మెషీన్‌లోనూ డిస్కు ఉండొచ్చు, చూడండి.

కంప్యూటర్ ఆన్ చేయగానే అడిగే బయోస్ పాస్‌వర్డ్ తీసేయడం మరవకండి. ఉబ్బిన ల్యాప్‌టాప్ బ్యాటరీని గుచ్చకండి, మంటలు రావచ్చు. విడిగా రీసైక్లర్‌కు ఇవ్వండి. ఇచ్చిన వాటన్నిటికీ సీరియల్ నంబర్లవారీగా రసీదు తీసుకోండి, ఆడిట్‌లో అడుగుతారు.