సుకాంతి కథ రాస్తున్న నా మేనకోడలికి

హన్మకొండ

బిడ్డా,

నీ నవల కాగితాలు దీపావళికి రెండు రోజుల ముందు అందాయి. పండుగ పనుల్లో ముట్టుకోలేకపోయాను. ఆ తర్వాత రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ చేతిలో పెట్టుకుని. ఇవన్నీ ఫోన్లో చెప్పే మాటలు కావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు నాకు నచ్చింది చెప్తాను. ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికి వచ్చిన సుకాంతి పెద్దపల్లి స్టేషన్లో దిగే ఘట్టం చాలా బాగుంది. తెల్లవారుజామున చంకలో పిల్ల, నెత్తిమీద సత్తు గిన్నెల మూటతో దిగి, స్టేషన్ బోర్డు వైపు చూస్తుంది. ఊళ్లో ఆమె నాలుగో తరగతి దాకా చదివింది. ఒడియా అక్షరాలు కూడా మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయి కదా. తెలిసినవాటిలాగే కనబడుతూ ఒక్కటీ పలకని ఆ అక్షరాల ముందు ఆమె నిలబడిపోయిందని రాశావు. అక్కడ నేను కాగితాలు పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఇక ఏడో అధ్యాయం చివర, "సుకాంతి రాత్రింబవళ్లు కష్టపడింది. ఆమె కష్టానికి ఫలితం దక్కింది" అన్నావు. ఎనిమిదో అధ్యాయం తెరిచేసరికి ఆమె వరంగల్‌లో మూడు మిషన్లున్న టైలరింగ్ షాపు ముందు ముగ్గు వేస్తోంది. ఆరేళ్ల బతుకు ఆ రెండు వాక్యాల్లో మునిగిపోయింది. నీకు చెప్పాల్సిందంతా ఆ రెండు వాక్యాల గురించే.

నేను కథలు రాయడం మొదలుపెట్టిన రోజుల్లో అచ్చం ఇలాంటిదే ఒకటి రాశాను. ఒక పేదరాలు, మొగుడు లేడు, ఒళ్లు వంచి పనిచేసింది, పిల్లలను చదివించింది, పైకొచ్చింది. అచ్చయిన సంబరంలో జగిత్యాల వెళ్లి మీ నానమ్మకు చదివి వినిపించాను. అమ్మ గడపకు ఆనుకుని కూర్చుంది. ఒళ్లో చాట, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. రేకు ముక్కను ఆకు మీద ఆనించి కత్తెరతో చుట్టూ కోయడం, చిటికెడు తంబాకు పరచడం, బొటనవేళ్లతో చుట్టడం, దారం కట్టడం, మూతి మడిచి నొక్కడం. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట, నలభై కట్టలైతే వెయ్యి. నేను చదువుతున్నంతసేపూ ఆ చేతులు ఆగలేదు. కథ అయిపోయాక తలెత్తకుండానే అడిగింది.

"మంచిగనే ఉంది బిడ్డా. గామె కష్టపడ్డది, పైకొచ్చింది. మరి నేను పదేండ్లప్పటి సంది చుడుతున్న. నేను కష్టపడతలేనా?"

నాకు జవాబు రాలేదు. చీకటి పడ్డాక అమ్మ ఆ రోజు కట్టలు కార్ఖానాకు తీసుకెళ్తే నేనూ వెంట వెళ్లాను. అక్కడ ఒకాయన కట్టలు విప్పి, బాగాలేవని కొన్ని బీడీలు పక్కకు తీశాడు. వాటికి డబ్బులు రాలేదు, బీడీలు వెనక్కీ ఇవ్వలేదు. అమ్మ ఏమీ అనలేదు. ఆ కథను తర్వాత ఏ సంపుటిలోనూ చేర్చలేదు నేను.

బిడ్డా, నీ సుకాంతి మొదటి పేజీ నుంచే కష్టపడుతోంది. ఆమె తల్లి కష్టపడింది, అత్త కష్టపడింది, పక్క గుడిసె మనిషీ కష్టపడుతోంది. మరి ఈమె బతుకే ఎందుకు మారింది? "కష్టపడింది కాబట్టి" అంటే, మిగతా వాళ్లంతా పని దొంగలని నువ్వు తెలియకుండానే తీర్పు చెప్పినట్టే. ఆమె కష్టం మొదట ఎవరి చేతికి పోతుండేదో, ఏ రోజున ఆమె చేతికి రావడం మొదలైందో చూపించు. నీ నవల అక్కడుంది.

ఇది నీకు తెలియని సంగతేమీ కాదు. నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పుడు మీ నాయన మొదటిసారి దుబాయి పోయాడు. ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు 60,000. నూటికి మూడు రూపాయల వడ్డీ. నెల తిరిగేసరికి 1,800 వడ్డీకే పోయేది. పాస్‌పోర్టు కంపెనీ వాళ్ల దగ్గర, మనిషి ఎండలో. రెండేళ్లు ఇనుము మోసి వచ్చిన మనిషి మీ అమ్మ చేతిలో పెట్టింది ఒక టేప్ రికార్డరు, రెండు సబ్బు డబ్బాలు. రెండోసారి మీ చిన్న మేనమామ వీసా పంపాడు. పని అదే, ఎండ అదే. ఏజెంటు లేడు, అప్పు లేదు. ఇప్పుడు మీరుంటున్న ఇంటికి పునాది పడింది ఆ రెండో ప్రయాణంలోనే. మా తమ్ముడు మొదటి రెండేళ్లు తక్కువ కష్టపడ్డాడని ఎవరైనా అంటే నువ్వు ఊరుకుంటావా? సుకాంతి విషయంలోనూ ఊరుకోకు.

అందుకని ఒక పాత నోటుబుక్కు తీసి సుకాంతి పేరున ఖాతా రాయి. నవల్లో పెట్టడానికి అనుకోకు, నీకోసమే. వినాయక చవితి మర్నాడు వాళ్లకు నువాఖాయి, కొత్త బియ్యం తినే పండుగ. ఒడిశాలో బలాంగీర్ వైపు సర్దార్లు, అంటే కూలీలను కుదిర్చే మేస్త్రీలు, అడ్వాన్సు చేతిలో పెట్టేది ఆ రోజుల్లోనే. పండుగ ఖర్చు, పాత అప్పు, ఒక జబ్బు, ఇలా ఆ డబ్బు రైలెక్కకముందే అయిపోతుంది. అక్కడి కాంటాబాంజీ స్టేషన్లో రైలెక్కి ఇక్కడి బట్టీలకొచ్చి, మళ్లీ వానలు పడేలోపు వెళ్లిపోతారు. కూలి వెయ్యి ఇటుకలకు ఇంతని లెక్క. మొగుడు, పెళ్లాం, పిల్ల కలిపి ఒక్క జట్టు. అడ్వాన్సు మొగుడి పేరు మీద ఉంటుంది. అంటే సుకాంతి తొక్కిన మట్టికి, మోసిన ఇటుకకు ఆమె పేరున ఎక్కడా ఒక్క పైసా రాసి ఉండదు. నువ్వు ఈ మాట ఎక్కడా రాయలేదు. నాకైతే ఆమె పేదరికంలో అన్నిటికంటే గట్టి ముడి అదే అనిపిస్తుంది.

రేట్లు ఏటా మారుతుంటాయి కాబట్టి నీ కథ ఏ సంవత్సరంలో మొదలవుతుందో ముందు తేల్చుకో. ఆ ఏడు పనిచేసినవాళ్లను వెతికి అడుగు.

వాన గురించి ఒక అధ్యాయమే రాయొచ్చు. మార్చిలో అకాల వర్షం పడితే రైతు ఎంత ఏడుస్తాడో మనకు తెలుసు. ఆ రాత్రి బట్టీ దగ్గర కూడా అదే ఏడుపు. ఆరబెట్టిన పచ్చి ఇటుకలు వరుసలకు వరుసలు కరిగి మళ్లీ మట్టయిపోతాయి. సుల్తానాబాద్ వైపు ఒక బట్టీలో అలాంటి పొద్దున నేను చూశాను. ఒకామె మోకాళ్ల మీద కూర్చుని, అంచులు కరిగినా నిలబడ్డ ఇటుకలను వేలితో తాకుతూ లెక్కపెట్టుకుంటోంది. లెక్క రాసేవాడు ఇంకా రాలేదు. వచ్చాక వాడు ఎన్ని ఒప్పుకుంటాడో ఆమెకు తెలియదు. ఆమె గుడిసె గోడ మీద బొగ్గుతో గీసిన గీతలున్నాయి, అయిదుకొక అడ్డగీత. వాడి పుస్తకం ఆమెకు చదవరాదు, తన గోడను మాత్రం చదువుకోగలదు.

సుకాంతి చేతికి ఆ బొగ్గు ముక్క ఇవ్వు. ఆమె మారడం అక్కడ మొదలైతే నేను నమ్ముతాను. స్టేషన్ బోర్డు ముందు నిలబడిపోయిన మనిషి, లెక్క పుస్తకంలో అంకెలనైనా గుర్తుపట్టే రోజు రావాలి. వారం వారం ఇచ్చే ఖర్చు డబ్బుల్లో తేడా పట్టుకుని, అందరి ముందు నోరు తెరిచి అడిగే రోజు రావాలి. అడిగినందుకు ఏం జరిగిందో దాచకుండా రాయి.

మూడో అధ్యాయంలోనే ఆమె చేత గడగడా తెలుగు మాట్లాడించావు. కుదరదు. మొదట వచ్చేవి మట్టి, నీళ్లు, పైసలు, రేపు, లేదు లాంటి పని మాటలు. అలాగని నవ్వు పుట్టించడానికి వచ్చీరాని తెలుగు మాత్రం రాయకు, నాకు కోపం వస్తుంది. ఆమె మనసులో మాట్లాడుకునేటప్పుడు నిండైన మనిషిలాగే మాట్లాడుకుంటుంది, దాన్ని మంచి తెలుగులో రాయి. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున తినే పఖాళ గురించి ఒక వాక్యం రాశావు. మన చద్దన్నమే అది. మన పక్కింటి ముసలామె ఆ గిన్నె చూసి గుర్తుపట్టేలా ఒక చిన్న ఘట్టం రాయరాదా?

ఇంకొకటి. నీ కథ 2020 మార్చిని దాటిపోతుంది, ఆ సంవత్సరం గురించి ఒక్క మాట లేదు. బట్టీల్లో జనం ఎక్కడివాళ్లు అక్కడ ఇరుక్కుపోయారు. వలస కూలీల కోసం మొదటి శ్రామిక్ రైలు మే 1న కదిలింది మన లింగంపల్లి నుంచే, జార్ఖండ్‌లోని హటియాకు. సుకాంతి ఆ రెండు నెలలు ఏం తిన్నది? ఎవరు బియ్యం ఇచ్చారు? కథను 2019లో ముగించినా తప్పులేదు గాని, ఆ ఏడును పట్టించుకోకుండా దాటేస్తే చదివేవాడికి కోపం వస్తుంది.

జట్టును బట్టీ యజమాని కదలనివ్వని చోట కాలేజీ లెక్చరరు కారులో వచ్చి కాపాడటం తీసేయ్. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976 నుంచి ఉంది. అధికారి విచారించి విడుదల పత్రం ఇస్తే, ఆ వెట్టి అప్పు చెల్లిపోయినట్టే, ఎవరూ వసూలు చేయడానికి వీల్లేదు. సుకాంతి ఆ కాగితాన్ని ఎన్ని ఆఫీసుల మెట్లెక్కి సంపాదించుకుందో రాయి. తోడుగా ఒకరిద్దరుంటారు, ఉండనీ. మెట్లు మాత్రం ఆమే ఎక్కాలి.

వరంగల్‌కు తెచ్చాక నేరుగా కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టకు. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ వైపు తొడిమలు తీసే పనికి పంపు. కిలోకు ఇంతని ఇస్తారు. సాయంత్రానికి చేతులు మంటలు, ఆ చేత్తో పిల్ల కళ్లు తుడవకూడదు. అయినా అక్కడ ఆమె తీసిన కిలోలు ఆమెవే, ఏ పూట డబ్బులు ఆ పూటే ఆమె చేతిలో. మొదటి రోజు కొంగున ముడేసుకున్న ఆ నోట్లను ఆమె ఎన్నిసార్లు తడిమి చూసుకుని ఉంటుందో, అది రాయి బిడ్డా, తొందరపడకుండా రాయి. మహిళా సంఘంలో చేరబోతే ఇక్కడి అడ్రస్ అడుగుతారు, గది అద్దెకిచ్చిన ఆమె హామీ ఉండాల్సి వస్తుంది. మిషన్ అప్పుడు కొననీ, ఒక్కటి చాలు. మూడొద్దు.

డిసెంబరులో సెలవు పెట్టుకుని రా. పెద్దపల్లి వెళ్దాం. అక్కడ చదువు చెప్పిన ఒకతను నాకు తెలుసు, వెంట వస్తాడు. వెళ్లగానే అడ్వాన్సు ఎంత అని అడగకు. పిల్లల పేర్లు అడుగు, ఏం వండుకున్నారో అడుగు. నోటుబుక్కు సంచిలోంచి తీయకు. పొద్దున నాలుగింటికల్లా అక్కడ ఉండాలి, అప్పటికే మట్టి తొక్కుతుంటారు. చలి బాగా ఉంటుంది, స్వెటర్ తెచ్చుకో.

నీ మేనత్త