టెక్ సందేహాలు: ఆపిన మెయిల్‌కు గడువెంత?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర రొయ్యల ఎగుమతి కంపెనీ. పోస్ట్‌ఫిక్స్ (మెయిళ్లు పంపే, అందుకునే ప్రోగ్రాం), స్పామ్‌అసాసిన్ (స్కోరు వేసి స్పామ్‌ని పట్టే ప్రోగ్రాం)తో మెయిల్ సర్వర్ మేమే నడుపుకుంటున్నాం. అనుమానం తగిలిన మెయిళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లో ఆగిపోతాయి. మొన్న అమెరికా బయ్యర్ ఆర్డరు మూడు రోజులు అందులోనే ఉండిపోయింది. వైరస్‌కి, స్పామ్‌కి, పెద్ద ఫైళ్లకి వేర్వేరు క్యూలు (ఆపిన మెయిళ్ల వరుసలు) రాద్దామనుకుంటున్నాం. సరైన పద్ధతేనా?

జవాబు: రొయ్య ధర రోజుకో రకంగా ఉండేచోట మూడు రోజులంటే బేరం చేజారినట్టే. అయినా క్యూలు మాత్రం విడగొట్టకండి. అటాచ్‌మెంటు పెద్దది, స్పామ్ స్కోరూ ఎక్కువే అనుకోండి, ఆ మెయిల్‌ని ఎందులో పెడతారు? ఒక క్యూలోంచి వదిలేస్తే రెండో కారణం ఎవరి కంటా పడదు. రేపు 'మా బ్యాంకు ఖాతా మారింది' అంటూ వచ్చే మోసపు మెయిళ్లకి ఇంకో క్యూ కావాల్సొస్తుంది, ప్రోగ్రాం మళ్లీ తిరగరాయాలి.

క్యూ ఒక్కటే ఉంచండి. ఎన్ని కారణాలుంటే అన్నీ డేటాబేస్‌లో ఆ మెయిల్ పేరున నమోదు చేయండి. ఏ కారణానికి ఎంతసేపు ఆపాలి, ఎవరు వదలొచ్చు, గడువు దాటితే ఏం చేయాలి అన్నవి కోడ్‌లో కాకుండా ఒక పట్టికలో ఉండాలి. కారణాలు రెండుంటే కఠినమైన నియమమే చెల్లాలి. వైరస్ ఉన్నదాన్ని అడ్మిన్ తప్ప ఎవరూ వదలకూడదు.

అసలు మెయిల్‌ని అక్షరం మార్చకుండా ఫైలుగా దాచండి. సబ్జెక్టులో ఒక్క మాట చేర్చినా డీకిమ్ సంతకం (మెయిల్ దారిలో మారలేదని చూపే డిజిటల్ ముద్ర) చెల్లకుండా పోతుంది. సర్వర్ల మధ్య సంభాషణలో వచ్చిన 'ఎవరికి' చిరునామాలు విడిగా రాసుకోండి. బీసీసీలో ఉన్నవాళ్ల వివరం మెయిల్ లోపల కనపడదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యం గడువు. మీ సర్వర్ '250' (మెయిల్ తీసుకున్నాం అనే కోడ్) అని బదులిచ్చిందంటే ఆ మెయిల్ బాధ్యత ఇక మీదే. పంపినవారి లెక్కలో అది చేరిపోయింది. గడువు దాటిందని చడీచప్పుడు లేకుండా చెరిపేస్తే ఆ సంగతి వాళ్లకి ఎప్పటికీ తెలియదు. పోనీ తిప్పి పంపుదామంటే, స్పామ్‌లో పంపినవారి అడ్రస్ చాలాసార్లు దొంగదే, సంబంధం లేనివాళ్ల ఇన్‌బాక్స్ నిండుతుంది. అందుకే స్పామ్ అని గట్టిగా తేలినదాన్ని అసలు తీసుకోకండి. మిల్టర్ (మెయిల్ వస్తుండగానే పరీక్షించే ప్రోగ్రాం) పెట్టుకుంటే 250 చెప్పకముందే 5తో మొదలయ్యే తిరస్కరణ కోడ్‌తో గుమ్మంలోనే తిప్పికొట్టవచ్చు. స్పామ్‌అసాసిన్ మామూలుగా స్కోరు 5కి చేరితే స్పామ్ అంటుంది. నా సలహా అయితే 5 నుంచి 10 లోపు ఉన్నవే ఆపండి, పైవాటిని తిప్పికొట్టండి. అప్పుడు క్యూలో మనిషి చూడగలిగినన్నే మిగులుతాయి.

మీరు ఇదివరకు మెయిల్ రాసిన అడ్రస్ నుంచి వచ్చింది ఆగితే సేల్స్ వాళ్లకి వెంటనే అలర్ట్ వెళ్లాలి. అమెరికా వాళ్ల పగలు మనకి రాత్రి కాబట్టి, ఆఫీసు తెరిచేసరికి ఆగినవాటి జాబితా సిద్ధంగా ఉండాలి. ఒక జాగ్రత్త: ఆ జాబితాలోని లింకు తెరవగానే మెయిల్ విడుదలయ్యేలా పెట్టొద్దు. కొన్ని సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్లు లింకుల్ని ముందే తెరిచి పరీక్షిస్తాయి, మనిషి చెయ్యి పడకుండానే మెయిల్ బయటికొచ్చేస్తుంది. పేజీలో బటన్ నొక్కితేనే వదలాలి.

ప్రశ్న: నరసాపురంలో మాది లేసు వ్యాపారం. పోస్ట్‌ఫిక్స్ హోల్డ్ క్యూలో (మనం వదిలేదాకా మెయిల్ ఆగి ఉండే చోటు) వారం పైన ఆగిన మెయిల్‌ని వదిలితే, అందకుండా వెనక్కి పోయింది. ఎందుకలా?

జవాబు: హోల్డ్‌లో ఉన్నంతకాలం పోస్ట్‌ఫిక్స్ మెయిల్‌ని అందించాల్సిన గడువు చూడదు, వదలగానే చూస్తుంది. ఆ గడువు మామూలుగా 5 రోజులు. మీది అప్పటికే దాటిపోయింది కాబట్టి మొదటి ప్రయత్నంలో అందకపోతే వెనక్కి పంపేసింది. చాలా రోజులు ఆగినవాటిని వదిలేటప్పుడు క్యూని నిర్వహించే పోస్ట్‌సూపర్ కమాండ్‌కి పెద్ద హెచ్ కాకుండా చిన్న ఆర్ ఆప్షన్ ఇవ్వండి, మెయిల్ కొత్తగా క్యూలో చేరుతుంది. అయితే అది మళ్లీ ఫిల్టర్ దగ్గరే ఆగకుండా ముందు ఒక పాత మెయిల్‌తో పరీక్షించుకోండి.