లివింగ్ ల్యాబ్‌లో చేరితే మా ఐడియా పోతుందా?

ప్రశ్న: మాది చిన్న కంపెనీ. ఒక లివింగ్ ల్యాబ్‌లో భాగస్వాములుగా చేరమంటున్నారు. పెద్ద కంపెనీలు మా ఐడియా పట్టుకుపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. చేరొచ్చా?

జవాబు: చేరండి, కానీ ముందు ఒప్పందం రాసుకోండి. లివింగ్ ల్యాబ్ అంటే నాలుగు గోడల మధ్య చేసే పరీక్ష కాదు, వస్తువును వాడే మనుషుల ఇళ్లలో, వీధుల్లో, ఆసుపత్రుల్లో వాళ్లతో కలిసే తయారుచేసి, వాడి చూసి, మళ్లీ మార్చుకునే పద్ధతి. కంపెనీలు, యూనివర్సిటీలు, ప్రభుత్వ సంస్థలు, మామూలు జనం అందరూ ఇందులో భాగస్వాములే. ఐరోపాలో ఇలాంటి ల్యాబ్‌లను కలిపే నెట్‌వర్క్ 2006లోనే మొదలైంది.

మీకు అసలు లాభం వాడకందారులే. వాళ్లను సొంతంగా వెతికి, నెలల తరబడి నిలబెట్టుకోవడం చిన్న కంపెనీకి చాలా కష్టం, అక్కడ ఆ పని అందరూ పంచుకుంటారు. వాళ్లు 'ఇది మాకు అక్కర్లేదు' అని తొందరగా చెప్పినా మీకు డబ్బు మిగిలినట్టే!

మీ భయం మాత్రం న్యాయమైనదే. మీరు వెంట తెచ్చిన పరిజ్ఞానం మీదేనని, కలిసి కనిపెట్టినదాంట్లో ఎవరి వాటా ఎంతో, మధ్యలో బయటికొస్తే ఏమవుతుందో, జనం ఇచ్చిన డేటా ఎవరి దగ్గర ఉంటుందో మొదటి రోజే రాయించుకోండి. రాయడానికి వెనకాడే భాగస్వామి ఉంటే ఆ ల్యాబ్ వద్దు.