ఫాస్ఫేటు తగ్గించిన మీడియంలో నానో జింకు క్లోరెల్లాను ఎందుకంత దెబ్బతీస్తుంది?

మామూలు మీడియంలో (శైవలాలను పెంచే పోషక ద్రావణంలో) పెద్దగా హాని చేయని నానో జింక్ ఆక్సైడ్ రేణువులు, ఫాస్ఫేటు తగ్గించిన మీడియంలో అదే మోతాదుకు క్లోరెల్లా అనే సూక్ష్మ శైవలం (నీటి పాచి) పెరుగుదలను దాదాపు ఆపేశాయనీ, దీన్ని రేణువుల విషప్రభావంగా రాయవచ్చా అనీ మీరు అడిగారు. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫలితంతో అలా రాయకూడదని నా అభిప్రాయం. భీమవరం వైపు చేపల చెరువుల నీటితో ఇలాంటి పని కొంతకాలం చేసినవాడిగా చెబుతున్నాను.

ముందు చూడవలసింది రేణువుల నుంచి నీటిలోకి కరిగిన జింకు. రాఫిడోసెలిస్ అనే మంచినీటి శైవలంపై 2007లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో నానో రేణువులు, పెద్ద రేణువులు, జింకు లవణం మూడూ దాదాపు ఒకే స్థాయిలో హాని చేశాయి; కారణం కరిగిన జింకేనని వారు తేల్చారు. మీడియంలో ఫాస్ఫేటు పుష్కలంగా ఉంటే ఆ జింకులో కొంత భాగాన్ని పట్టుకొని అడుగుకు దింపేస్తుంది, అది తగ్గితే ఆ అడ్డు తొలగిపోతుంది. దీనికి పీహెచ్, అంటే నీటి ఆమ్ల-క్షార స్థాయి కూడా తోడవుతుంది. పచ్చనీళ్లు కట్టిన చెరువులో తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి పీహెచ్ చూసే మా రైతులకు తెలిసిన సంగతే ఇది: శైవలాలు కార్బన్ డయాక్సైడును లాగేసుకున్నకొద్దీ పీహెచ్ 9 వైపు ఎగబాకుతుంది, అక్కడ జింకు కరగడం బాగా తగ్గుతుంది. ఆకలితో ఉన్న కల్చరు, అంటే పోషకాలు తగ్గించి పెంచుతున్న శైవలం, పీహెచ్‌ను అంతగా పెంచలేదు కాబట్టి, ఒకే మోతాదు వేసినా మీ రెండు ఫ్లాస్కుల్లో కరిగిన జింకు ఒకేలా ఉండి ఉండదు.

కణం లోపలి స్థితి కూడా మారుతుంది. భాస్వరం దండిగా దొరికినప్పుడు కణాలు దాన్ని పాలీఫాస్ఫేటుగా దాచుకుంటాయి, లోహాలను బంధించి ఉంచడానికీ ఆ నిల్వే పనికివస్తుంది. నత్రజని కొరతలో గ్లూటాథయోన్ వంటి రక్షక పదార్థాల తయారీ కుంటుపడుతుంది. అయితే పోషకాలు తగ్గిన ప్రతిసారీ హాని పెరుగుతుందని అనుకోవద్దు. కొన్ని శైవలాలు ఆకలి వేళ జిగురు పదార్థాన్ని ఎక్కువగా వదులుతాయి, అది రేణువులను బయటే పట్టి ఉంచవచ్చు. టైటానియం డయాక్సైడు నానో రేణువులతో మరో తిరకాసు ఉంది. అది ఫాస్ఫేటును తన మీదికే లాక్కుంటుంది గనుక, ఆకలి వల్ల ఆగిన పెరుగుదల విషప్రభావంలా కనిపిస్తుంది.

లెక్కింపులోనూ జాగ్రత్త అవసరం. మా టైటానియం ఫ్లాస్కులో కణాలూ రేణువులూ ఉండలు కట్టి అడుగున లేత పసుపు మడ్డిలా చేరేవి. పైనీటిని తీసి కలరిమీటరులో (రంగు గాఢతను కొలిచే పరికరంలో) పెడితే ఒక అంకె, కలిపి పెడితే పూర్తిగా వేరే అంకె వచ్చేది. అందుకే సూక్ష్మదర్శిని కింద హీమోసైటోమీటరుతో (కణాలను లెక్కపెట్టే గళ్ల గాజు పలకతో) లెక్కపెట్టడమే నయం.

కాబట్టి, రేణువులు వేయని ఆకలి కల్చరుతో పాటు, కరిగిన జింకుతో సమానమైన జింకు సల్ఫేటు వేసిన కల్చరు కూడా రెండు మీడియంలలోనూ ఉండాలి. కరిగిన జింకును కొలవడానికి 0.45 మైక్రాన్ల వడపోతను నమ్మకండి, నానో రేణువులు అందులోంచి సులువుగా దాటిపోతాయి. రేణువులను ఆపి, కరిగిన జింకును మాత్రమే దాటనిచ్చే డయాలిసిస్ పొర వాడండి. మీడియంలో కలిపే ఈడీటీఏ అనే రసాయనం లోహాన్ని బంధిస్తుంది గనుక రెండు మీడియంలలోనూ దాని మోతాదు సమానంగా ఉంచండి. ఆ తరువాత గోదావరి కాలువ నీటితో చేయాలనుకుంటే, వరదల కాలపు ఎర్రనీటిని, వేసవిలో కాలువలు కట్టేశాక చెరువులో నిలిచిన నీటిని ఒకే వరుసలో పెట్టకండి. ఎర్రనీటిలోని బంకమట్టి ఫాస్ఫేటునూ జింకునూ రెంటినీ పట్టుకుంటుంది.