నాన్నకి సంక్రాంతికి పాత హెచ్‌ఎంటీ వాచీ కొనొచ్చా? ఒకసారి మోసపోయిన అనుభవంతో నా జవాబు

మీ ప్రశ్న చదువుతుంటే మూడేళ్ళ కిందటి నేనే గుర్తొచ్చాను. నాన్నకి 66 ఏళ్ళు, పండక్కి ఊరెళ్తున్నారు, ఆయన వయసులో ఉన్నప్పటి వస్తువేదైనా తీసుకెళ్ళి చేతిలో పెట్టాలని ఉంది. బడ్జెట్ 5 వేలు. ఆన్‌లైన్‌లో పాత హెచ్‌ఎంటీ వాచీలు 1,200కే కనిపిస్తున్నాయి. అవి కొనొచ్చా, లేకపోతే రేడియోనో గ్రామఫోనో చూడాలా అని అడిగారు.

ఆ 1,200 వాచీ మాత్రం కొనకండి. ఈ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి, నాన్న పాత వాచీ ఇంట్లో ఎక్కడన్నా పడి ఉందేమో అడగండి. నేను చేయనిది అదే, అందుకే చెప్తున్నా.

మాది తెనాలి. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. 1979లో పెళ్ళికి తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, వాచీ, సైకిలు, రేడియో పెట్టారు. అప్పట్లో అల్లుడికి మూడూ పెట్టారంటే బాగా పెట్టినట్టే లెక్క. సైకిలు పాత సామాన్లవాడికి పోయింది, రేడియో ఎవరో బంధువులు పట్టుకెళ్ళారు. వాచీ హెచ్‌ఎంటీ జనతా. తెల్ల డయలు, హిందీ అక్షరాల్లో జనతా అని పేరు. పొద్దున్నే రేడియోలో వార్తల ముందు వచ్చే బీప్ విని నాన్న దాన్ని సరిచేసుకుని కీ ఇచ్చేవారు. బస్సు ఎన్నింటికి కదలాలో ఆ వాచీయే చెప్పేది. నాకు తెలిసే వయసు వచ్చేసరికి ఆయన చేతికి బ్యాటరీ వాచీ వచ్చేసింది. జనతా ఎప్పుడు ఆగిందో, ఏమైందో ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

మూడేళ్ళ కిందట డిసెంబరులో నాకూ మీలాంటి ఆలోచనే వచ్చింది. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర ‘1970ల నాటి ఒరిజినల్ జనతా, సర్వీసింగ్ చేసినది’ అని ఉంటే 1,450 పెట్టి కొన్నాను. ఫోటోలో తళతళలాడింది. నలభై ఏళ్ళ వాచీ అంత తళతళలాడుతోందంటేనే అనుమానం రావాలి, నాకు రాలేదు. భోగి రోజు నాన్న చేతిలో పెట్టాను. చెవి దగ్గర పెట్టుకుని విన్నారు, కళ్ళజోడు పెట్టుకుని డయలు చూశారు. “బాగుందమ్మాయ్” అన్నారు. ఆ మాట ఎలా అన్నారంటే, కూరలో ఉప్పు ఎక్కువైనప్పుడు కూడా ఆయన అలాగే అంటారు. రెండు రోజులు పెట్టుకున్నారు. కనుమ నాటికి అది పద్నాలుగు నిమిషాలు ముందుకెళ్ళిపోయింది.

బస్టాండు దగ్గర ఒక ముసలి వాచ్ మెకానిక్ ఉన్నారు. చిన్న అద్దాల పెట్టె వెనక కూర్చుని పనిచేస్తారు. ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. కంటికి భూతద్దం తగిలించుకుని వెనక మూత విప్పారు. ఒక్క నిమిషం చూసి, భూతద్దం నా చేతికిచ్చి నన్నూ చూడమన్నారు. లోపల ఒక ప్లేటు మెరుస్తోంది, పక్క ప్లేటు మసకగా ఉంది. అవి రెండు వేరు వాచీలవి. స్క్రూల తలలు గీతలు పడి అరిగిపోయాయి. తర్వాత డయలు చూపించారు. పన్నెండు దగ్గర నిమిషం గీత ఉండాల్సిన చోటుకి వెంట్రుకవాసి పక్కకి ఉంది, అక్షరాల అంచుల్లో సిరా కాస్త పాకింది. పాత డయలు మీద రంగు గీకేసి కొత్తగా అచ్చు కొట్టారన్నమాట. “మూడు వాచీల శవాలు కలిపి ఒకటి చేశాడమ్మా” అన్నారాయన.

ఆన్‌లైన్‌లో తక్కువ ధరకి దొరికే పాత హెచ్‌ఎంటీల్లో ఇలాంటివి కోకొల్లలు. నారింజ, ఆకుపచ్చ, ఎరుపు డయళ్ళు, రైల్వే ముద్రలు, ఎయిర్‌ఫోర్స్ గుర్తులు ఉన్నవైతే దూరం నుంచే దణ్ణం పెట్టేయండి. పైలట్ అనే మోడల్ నిజంగానే ఉంది, నల్ల డయలుతో చాలా అందంగా ఉంటుంది. ఆ పేరు చూసి విమానాల కథ చెప్పి డబ్బులు గుంజేవాళ్ళు ఎక్కువ. ఆ కథకి అదనంగా పైసా ఇవ్వకండి. కొనాల్సే వస్తే వెనక మూత తీసి మిషను ఫోటో పంపమని అడగండి. నిజాయితీగా అమ్మేవాళ్ళు పంపుతారు. డయలు కాస్త పాలిపోయి, మచ్చలు పడి ఉన్నా ఫర్వాలేదు, ఆ మచ్చలే మంచి గుర్తు.

అసలు హెచ్‌ఎంటీ గురించి రెండు ముక్కలు, ఎందుకంటే మీ నాన్నగారితో మాట్లాడటానికి పనికొస్తాయి. హెచ్‌ఎంటీ కేంద్ర ప్రభుత్వ కంపెనీ. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టారు. జనతా, పైలట్ లాంటి కీ వాచీల లోపల ఉండేది ఆ సిటిజన్ మిషనే, డయలు మీద ‘పారా షాక్’ (కుదుపులకి తట్టుకునే ఏర్పాటు) అని ఉండే మాట కూడా సిటిజన్ వాళ్ళదే. లోపలి చక్రం సెకనుకి ఐదు సార్లు కొట్టుకుంటుంది, అందుకే సెకన్ల ముల్లు బ్యాటరీ వాచీలా ఆగి ఆగి దూకకుండా జారుతున్నట్టు నడుస్తుంది. తర్వాత శ్రీనగర్, తుమకూరు, రాణీబాగ్‌లలో కూడా ఫ్యాక్టరీలు పెట్టారు. 1987లో టైటాన్ వాచీలు వచ్చాక జనం బ్యాటరీ వైపు మళ్ళారు, 2016 జనవరిలో వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. మన హైదరాబాద్ చింతల్‌లో హెచ్‌ఎంటీ ఉంది కదా, అక్కడ దొరకవా అని మా తమ్ముడు అడిగాడు. అక్కడ చేసింది యంత్ర పరికరాలు, లైట్లు. వాచీలు కావు. వాచీలకి మన ఊరి పేరు కావాలంటే హైదరాబాద్ ఆల్విన్ ఉంది, జపాన్ సీకోతో కలిసి చేసింది. మీ నాన్నగారు హైదరాబాద్ వైపు ఉద్యోగం చేసుంటే ఆయన చేతికి ఆల్విన్ ఉండే అవకాశం ఉంది, అది కూడా అడిగి చూడండి. దానికి స్పేర్లు దొరకడం హెచ్‌ఎంటీ కంటే కష్టమని మా మెకానిక్ అన్నారు.

సరే, నా కథకి వస్తాను. మెకానిక్ దగ్గర నుంచి తిరిగొచ్చి విషయం అమ్మకి చెప్పాను. అమ్మ ఏమీ అనకుండా లోపలికెళ్ళి, బీరువా మీద నుంచి పాత బిస్కెట్ డబ్బా దించింది. బొత్తాలు, పిన్నీసులు, తెగిన పట్టీ ఒకటి, మా తమ్ముడి పాల పన్ను, అడుగున చేతిరుమాలులో చుట్టి నాన్న జనతా. గ్లాసు గీతలు పడి తెల్లబోయింది, చైను ఒక పక్క ఊడింది, కీ బిగుసుకుపోయింది. “మీ నాన్న పారేస్తానంటే నేనే దాచాను, మా నాన్న పెట్టింది కదా” అంది. ఇన్నేళ్ళూ ఆ డబ్బా నా తలకి రెండడుగుల పైన ఉంది. నేనేమో ఎక్కడో ముక్కూ మొహం తెలియని మనిషికి 1,450 పంపాను.

మర్నాడు అదే మెకానిక్‌కి ఇచ్చాను. స్ప్రింగ్ తెగింది, నూనె ఎండి జిగురైపోయింది అన్నారు. ముక్క ముక్కా విప్పి కడిగి, కొత్త స్ప్రింగ్ వేసి, ఆయిలింగ్ చేసి, గ్లాసు మార్చడానికి 950 తీసుకున్నారు, పన్నెండు రోజులు పట్టింది. డయలు జోలికి మాత్రం పోవద్దని రెండుసార్లు చెప్పాను. మెకానిక్‌లు మంచి చేద్దామనుకుని “కొత్తదానిలా చేసిస్తానండీ” అని డయలుకి రంగు కొట్టిస్తారు, పైకేసుని పాలిష్ పట్టిస్తారు. ఈ రెండూ వద్దని మీరూ ముందే గట్టిగా చెప్పండి. మీ వాచీ గ్లాసు మీద గీతలు పైపైనే ఉంటే మార్చక్కర్లేదు. అది గాజు కాదు, ప్లాస్టిక్ లాంటిది, టూత్‌పేస్టు రాసి మెత్తటి గుడ్డతో ఓపిగ్గా రుద్దితే చాలావరకు పోతాయి.

నేను పండగ సెలవు అయిపోయి హైదరాబాద్ వచ్చేశాను, వాచీ తమ్ముడు తీసుకొచ్చి ఇచ్చాడు. కాబట్టి నాన్న మొహం ఎలా వెలిగిందో నేను చూడలేదు. ఆ రాత్రి ఫోన్ చేస్తే వాచీ గురించి ఒక్క మాట లేదు, గుంటూరు రూటులో ఆఖరి బస్సు ఎప్పుడూ ఎందుకు లేటయ్యేదో పావుగంట చెప్పారు. నేను పుట్టాక ఆ కథ వినడం అదే మొదటిసారి. ఇప్పటికీ రోజూ పొద్దున కీ ఇస్తారు. రోజుకి అర నిమిషం వెనకబడుతుందట, ఆయనకి దాని మీద ఫిర్యాదేమీ లేదు.

మీ ఇంట్లో అలాంటి వాచీ దొరక్కపోతే? బెంగళూరు నుంచి హెచ్‌ఎంటీ వాళ్ళే తమ సైట్‌లో ఇంకా కొన్ని మోడళ్ళు అమ్ముతున్నారు, స్టాకు పెట్టగానే అయిపోతుంటుంది. పాత వాచీల ముక్కలు అతికించినదాని కంటే అది వెయ్యి రెట్లు నయం. లేదా హైదరాబాద్‌లో గురువారం పాత సామాన్లు అమ్మే జుమ్మెరాత్ బజార్‌కి వెళ్ళి తిరగండి, సరదాగా ఉంటుంది, కానీ వాచీలు తెలిసినవాళ్ళు పక్కన లేకుండా అక్కడ డబ్బు తీయకండి.

గ్రామఫోను గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా, వద్దు. ఇత్తడి గొట్టంతో మెరిసిపోతూ ‘యాంటిక్’ అని అమ్మేవాటిలో చాలావరకు కొత్త పెట్టెకి కొత్త గొట్టం బిగించి, ఏదో పాత మోటారు పెట్టినవి. మంచిదే దొరికిందనుకోండి, దాని మీద లక్కతో చేసిన 78 స్పీడు రికార్డులే వేయాలి, ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు, వైపు మార్చినప్పుడల్లా ఉక్కు ముల్లు మార్చాలి. దాని మీద ఎల్పీ (తర్వాత వచ్చిన ప్లాస్టిక్) రికార్డు వేస్తే ఆ బరువుకి గాడి అరిగిపోతుంది. మీ నాన్నగారి వయసు చూస్తే ఆయన యవ్వనంలో ఇంట్లో గ్రామఫోను ఉండటం కూడా అనుమానమే. అది ఆయన జ్ఞాపకం కాదు, సినిమాల్లో చూసి మనం తెచ్చుకున్నది.

వాల్వు రేడియో, అంటే లోపల గాజు గొట్టాలతో పనిచేసే పాత రేడియో అయితే ఇంకో తిప్పలు. మరమ్మతు చేసేవాళ్ళు దొరికినా, ఇంట్లో ఉన్న ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్ల వల్ల మీడియం వేవ్‌లో చాలా ఇళ్ళలో గరగర తప్ప ఏమీ వినపడదు. మీడియం వేవ్‌లో ఆకాశవాణి విజయవాడ 837, హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్‌ల దగ్గర వస్తాయి. కొనేముందు చిన్న ట్రాన్సిస్టర్ ఒకటి పట్టుకుని, మీ ఊరి ఇంట్లో ఆ స్టేషన్లు పలుకుతాయో లేదో చూసుకోండి. పాటలే ముఖ్యమైతే పాత రేడియో రూపంలో ఉండి పాటలు నింపి ఇచ్చే కార్వాన్ లాంటివి ఉన్నాయి. వాటిని చిన్నచూపు చూసేవాళ్ళని చూశాను, నేనైతే అలా అనుకోను. అది పాతదాన్నని అబద్ధం చెప్పట్లేదు కదా. మా అమ్మ వంటింట్లో అదే మోగుతుంటుంది.

ఇక టైం సంగతి. పండగ ముందు మెకానిక్‌ల దగ్గర రద్దీ ఉంటుంది, స్పేరు కావాలంటే వేరే ఊరి నుంచి రావాలి. వాచీ దొరికితే ఊళ్ళో ఉన్నవాళ్ళ చేత ఈ వారమే ఇప్పించండి, నాన్నగారికి తెలియకుండా. పనికి వెయ్యీ పదిహేను వందలూ పోయినా మీ 5 వేలల్లో ఇంకా మిగులుతుంది. మంచి తోలు బెల్టు ఒకటి కొనండి. నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళొద్దని ఆయనకి మాత్రం గుర్తుచేయండి, ఆ కాలం వాచీలు తడికి ఆగవు.

నేను 1,450 పెట్టి కొన్న వాచీ ఏమైందంటారా? తమ్ముడి కొడుకు పెట్టుకుని తిరుగుతున్నాడు. వాడికి ఆరేళ్ళు. పద్నాలుగు నిమిషాలు ముందున్న సంగతి వాడికి తెలుసు, బడికి లేటైన రోజు మాత్రం తెలియనట్టు ఉంటాడు.